పండ్ల పంపకమే సేవయా?

మన పట్టణములలో నేడొక ఆచారము ప్రబలి యున్నది. నాయకుని జన్మదినము వచ్చినను, సంఘముయొక్క వార్షికోత్సవము వచ్చినను, స్వాతంత్ర్యదినము వచ్చినను పదిమంది పెద్దలు తెల్లబట్టలు ధరించి, గంపలతో పండ్లు పట్టించుకొని సర్కారు ఆసుపత్రికి బయలుదేరుదురు. ఫోటోగ్రాఫరు ముందు నడచును. ఒక్కొక్క మంచముకడ ఒక్కొక్క క్షణము నిలిచి, రోగి చేతిలో ఒక ఆపిలుపండును ఒక రొట్టె పొట్లమును ఉంచి, ఆ చేతిని విడువకయే కెమెరా వంక చూచి, బొమ్మ తీయుట ముగిసినంతనే తరువాతి మంచమునకు జరుగుదురు. అరగంటలో వార్డు ముగియును. మరునాడు పత్రికలో బొమ్మ పడును. దీనికి సేవాకార్యక్రమమని పేరు. ఇట్టి బొమ్మలను మేమును ప్రచురించితిమి. ఆ దోషములో మాకును పాలు గలదని మొదటనే యొప్పుకొనుచున్నాము.

ఆ పండు తరువాత ఏమగుచున్నదో బొమ్మ తీయించుకొన్నవా రెవరును చూడబోరు. మేము చూచితిమి. ఒకానొక జిల్లా ఆసుపత్రిలో డెబ్బది యేండ్లు దాటిన వృద్ధు డొకడు తుంటి యెముక విరిగి పడుకొనియుండెను. ఆసుపత్రి పేరు చెప్పుట యనవసరము. ఈ విషయమున ఒక ఆసుపత్రికిని మరియొక దానికిని భేద మత్యల్పము. ఆయనకు కట్టుడుపండ్లు గలవు. అవి గుడ్డలో మూటగట్టబడి మంచము క్రింది సంచిలో నుండెను. కండ్లజోడు ఊరిలోనే యుండిపోయెను. తలవైపు బల్లపై ఎవరో యిచ్చిపోయిన ఆపిలుపండు రెండు దినములనుండి అట్లే యుండెను. మధ్యాహ్నభోజనపు పళ్లెము వచ్చి, ఆయన చేతి కందని దూరమున నిలిచి, గంట గడచిన పిమ్మట ముట్టబడకయే తిరిగి పోయెను. పళ్లెమును తెచ్చినవాడు దుర్మార్గుడు కాడు. తీసికొనిపోయినవాడును క్రూరుడు కాడు. ఒకని పని పెట్టుట, మరియొకని పని తీయుట. ఈ రెంటికి నడుమ నున్న పని, అన్నము కలిపి ముద్ద నోటి కందించుట, ఎవరి పనియు కాకపోయెను. ఆయన భోజనము చేయుటలేదని మాత్రము ఎవరో కాగితముపై వ్రాసికొనిరి.

మందు లేక మరణించువారిని గూర్చి మన సభలలో ఉపన్యాసములు జరుగుచున్నవి. డాక్టరు లేక మరణించువారిని గూర్చి శాసనసభలలో ప్రశ్నలు వేయబడుచున్నవి. మందును డాక్టరును ఉండియు, ప్రక్కను మనిషి లేకపోవుటచే క్షీణించిపోవు వృద్ధులను గూర్చి అడుగువారు లేరు. వారి మరణపత్రములో వ్యాధి పేరు వ్రాయబడును గాని, అందని గ్లాసు నీరును తినిపింపబడని అన్నమును వ్రాయబడవు. మన ఆసుపత్రులలో వృద్ధునకు కొరతపడినది పండు కాదు, గంట. ఒక పౌరుడు తన కాలమునుండి తీసి యిచ్చెడి ఒక్క గంట. ఈ సంగతిని మన పట్టణ ప్రముఖుల చెవిని వేయుటకే మే మీ లేఖిని పట్టితిమి.

చట్టములు లేవని యెవ్వరును అనజాలరు. 2007 సంవత్సరమున తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమముల చట్టము వచ్చినది. దాని 20వ సెక్షను సర్కారు ఆసుపత్రులలో సాధ్యమైనంతవరకు వృద్ధులందరికి పడక లుండవలెననియు, వారికి ప్రత్యేకపు వరుస లుండవలెననియు, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధవైద్య మెరిగిన అధికారి క్రింద ఏర్పాటు లుండవలెననియు విధించినది. 2010-11లో వృద్ధుల ఆరోగ్యసంరక్షణకై జాతీయ కార్యక్రమ మారంభింపబడి, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు నిర్ణయింపబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2024లో కేంద్ర ప్రభుత్వము 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే కుటుంబమునకు సాలునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యము కలుగజేయుటకు ఆయుష్మాన్ భారత్ పథకమును విస్తరించినది. ఇవి మంచి పనులు, మేము కాదనము. కాని చట్టము పడక నిచ్చును, పథకము డబ్బు చెల్లించును. పడక ప్రక్కను కూర్చుండువాడెవడో ఏ సెక్షనును చెప్పలేదు. చెప్పకయే మన ఆసుపత్రులు ఒక విషయమును నిశ్చయించుకొన్నవి: ప్రతి రోగికిని తోడుమనిషి యుండునని. స్ట్రెచరు త్రోయుటకు తోడుమనిషి, రక్తపుచీటీ తెచ్చుటకు తోడుమనిషి, సెలైన్ సీసా అయిపోయెనని నర్సును పిలుచుటకు తోడుమనిషి, మూత్రపాత్ర అందించుటకు తోడుమనిషి. తోడుమనిషి లేని వృద్ధుడు ఆసుపత్రిలో నుండియు ఆసుపత్రిలో లేనివాడే.

వృద్ధశరీరమునకు ఆసుపత్రి యెట్టిదో మన పాఠకులు కొంచెము తెలిసికొనవలెను. పడుచువాడు పది దినములు మంచము పట్టిన లేచి నడచును. వృద్ధునకు మంచమే రోగమగును. 2007లో అమెరికా వైద్యులు ఆరోగ్యవంతులైన వృద్ధులనే పది దినములు మంచముపై నుంచి పరీక్షింపగా, కాళ్లలోని కండ సుమారు ఒక కిలో తరిగినదని తేలెను. రోగము లేనివారి గతి యిది. జ్వరముతోను విరిగిన యెముకతోను ఉన్నవారి గతి వేరుగ చెప్పవలెనా? నడచి ఆసుపత్రికి వచ్చిన అవ్వ, జ్వరము తగ్గిన తరువాత నలుగురు మోయగా ఇంటికి పోవుటకు ఇదియే కారణము. దాహ మడుగుట వృద్ధులకు తగ్గును. అడిగినను అందించువారు లేకున్న మూత్రము ముదురును, మలబద్ధకము కలుగును, మతి చెదరును. రాత్రియంతయు దీపములు వెలుగుచుండ, ప్రక్క మంచమున కేకలు వినబడుచుండ నిద్ర పట్టదు. కండ్లజోడు లేక మనుష్యులు నీడలవలె కనబడుదురు. వినికిడి యంత్రము లేక మాటలు గాలివలె వినబడును. నాలుగవ దినమున ఆ వృద్ధుడు ఎన్నడో చనిపోయిన తమ్ముని పేరు పెట్టి పిలుచును. సెలైన్ సూదిని లాగివేయును. ఇంటికి పోయెదనని మంచము దిగబోయి పడిపోవును.

దీనిని చూచి వార్డులోనివారు ముసలితనపు చాదస్త మందురు, పిచ్చి యందురు, గాలి సోకినదందురు. కొన్ని చోట్ల గాజుగుడ్డతో చేతులను మంచపు కడ్డీకి కట్టివేయుదురు. కాని వైద్యశాస్త్రము దీనికి హఠాత్తుగా వచ్చు మతిభ్రమ యని వేరు పేరు పెట్టినది. ఇది శాశ్వతమగు మతిమరుపు కాదు. శరీరములోని వ్యాధిచేతను, చుట్టునున్న స్థితిచేతను కలుగు అపాయము. అందరును కేకలు వేయరు. కొందరు మాటలేక, కదలక, కండ్లు మూసికొని పడియుందురు. తాత నెమ్మదిగా నున్నాడని అందరును సంతోషింతురు. ఆ నెమ్మదియే అపాయముయొక్క ముఖము. ఈ స్థితి వచ్చినవారు ఎక్కువ దినములు ఆసుపత్రిలో నుందురు. వారిలో మరణములును ఎక్కువ.

దీనిని నివారించుటకు మందు గలదా యని వెదకిన అమెరికా వైద్యురాలు షారన్ ఇనోయీ మందుసీసాలలో వెదకలేదు. ఏల్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో 70 ఏండ్లు దాటిన 852 మంది రోగులను పరీక్షించి, 1999లో తన ఫలితములను ప్రకటించెను. మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి పదునైదుగురికి మతిభ్రమ కలిగెను. శిక్షణ పొందిన సిబ్బందియు స్వచ్ఛందసేవకులును కలిసి ప్రక్కను నిలిచి కనిపెట్టినవారిలో అది నూటికి పదికి లోబడెను. మతిభ్రమతో గడచిన దినము లన్నియు కూడగా ఒక వైపు 161, మరియొక వైపు 105. ఆ పరిశీలనలోనే మరియొక సంగతియు తేలినది: మతిభ్రమ ఒకసారి పట్టిన పిమ్మట ఈ సేవ దాని తీవ్రతను చెప్పుకొనదగినంత తగ్గింపలేకపోయెను. అనగా మొదటి దినముననే ప్రక్కను మనిషి యుండవలెను. పండుగనాడు వచ్చి పలుకరించుట వలన ఫలము లేదు.

ఆ సేవకులు చేసిన మహాకార్య మేమి? మా పాఠకులు విని నవ్వుదురేమో! రోగికి నేడు ఏ తేదీయో, ఏ వారమో, తా నెక్కడ నున్నాడో చెప్పిరి. పలకపై ఆనాటి డాక్టరు పేరును నర్సు పేరును వ్రాసి చూపిరి. కండ్లజోడు తుడిచి పెట్టిరి. వినికిడి యంత్రము చెవికి తగిలించిరి. నీరు త్రాగించిరి, దగ్గర కూర్చుండి తినిపించిరి. చేయిపట్టి దినమునకు మూడుమారులు నడిపించిరి. నడువలేనివారికి మంచముపైననే కాలుసేతులు ఆడించిరి. రాత్రి నిద్రమాత్రకు బదులు గోరువెచ్చని పానీయ మిచ్చి, వీపు నిమిరి, చప్పుడు లేకుండ చేసిరి. ఇంతే. ఇందులో మన అవ్వలకు తెలియని దొక్కటి గలదా? పొద్దున లేచి వారమును తిథిని నక్షత్రమును చెప్పుకొనుట మన లోగిళ్లలోని నిత్యవిధియే గదా! మనము చాదస్తమని త్రోసివేసిన దానిని పరదేశపు ఆసుపత్రులు లెక్కలు వేసి విద్యగా చేసికొన్నవి. విద్యను అరువు తెచ్చికొనుట సిగ్గు కాదు. మన యింటి విద్యను మన ఆసుపత్రిలో అడుగుపెట్టనీయకుండుట సిగ్గు.

సేవ యనగా చేతులతో చేయునదని ఈ దేశమునకు చెప్పినవారు తక్కువవారు కారు. డర్బానులో బారిస్టరుగా నున్న దినములలో గాంధీమహాత్ముడు ప్రతి ఉదయము ఒకటి రెండు గంటలు ఒక చిన్న ధర్మాసుపత్రికి పోయి, రోగుల బాధలను విని డాక్టరునకు తెలిపి, మందులు కలిపి యిచ్చుచుండెను. తీరిక లేని వకీలే ఆయనయు. వకాల్తాలను విడిచిపెట్టి పోలేదు. వాటి నడుమనే గంట చేసికొనెను. మన యాంధ్రదేశమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రామదండును నిర్మించిరి. 1921లో చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి పందిళ్లలో కాపురముండిన ఆ కష్టకాలమున జనమును క్రమమున నడిపినది ఆ దండే. ఆ యేటనే బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు వేలకొలది జనమును సముదాయించినదియు అదియే. వారికి జీతములు లేవు, బొమ్మలు లేవు. గోదావరీ లంకలలో డొక్కా సీతమ్మగారు 1909లో కీర్తిశేషురాలగువరకు వచ్చినవారి కెల్ల వేళగాని వేళ వండి వడ్డించిరి. వడ్డించిరి యనుమాటను గమనింపుడు. బియ్యపు మూటలు పంచి పంపలేదు.

పూర్వుల మాట చాలదనువారికి నేటి దృష్టాంతము గలదు. కేరళమున కోళిక్కోడు వైద్యకళాశాలలో 1993లో డాక్టరు రాజగోపాలును డాక్టరు సురేశ్ కుమారును మిత్రులతో కలిసి నయముకాని రోగుల బాధానివారణకై ఒక సంఘమును స్థాపించిరి. డాక్టర్లతోనే పని సాగదని గ్రహించి, ఇరుగుపొరుగువారికి శిక్షణ నిచ్చి రోగుల యిండ్లకు పంపిరి. ఉపాధ్యాయులు, కూలీలు, దుకాణదారులు, విద్యార్థులు వారమునకు కొన్ని గంటలు ఇచ్చిరి. చిన్నచిన్న చందాలతో పని సాగెను. ప్రజలు ముందు నడువగా ప్రభుత్వము వెనుక వచ్చి 2008లో దానిని రాష్ట్రవిధానముగా ప్రకటించెను. కేరళీయులకు దేవు డిచ్చిన చేతులు తెలుగువారికి ఈయలేదా?

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటిది, కన్నబిడ్డ లుండగా పరు లెందుకు చేయవలెననుట. ఈ మాట వినుటకు ధర్మముగానే యున్నది. కాని 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున కలుగు సంతానము 1.7, తెలంగాణమున 1.8. అయిదుగురు బిడ్డలున్న కాలమున ఒకరు తోడుండిన నలుగురు పొలము చూచుకొనిరి. నేడున్న ఒక్క కుమారుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉద్యోగమున నుండును. కూలివాని కుమారుడైనచో ఒక దినము తోడుండిన ఒక దినపు కూలి పోవును, పది దినములు తోడుండిన పని పోవును. కోడలికో బిడ్డలు చంకను గలరు. 2011 జనాభాలెక్కలనాటికే దేశమున అరువదేండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నూటికి పదిమందికి చేరువ. 2036 నాటికి దేశమున నూటికి పదునైదుగురు వృద్ధులగుదురని సర్కారు అంచనా. తలిదండ్రులను విడిచిపెట్టినవారికి 2007 చట్టము మూడు నెలల ఖైదుగాని 5 వేల రూపాయల జరిమానాగాని రెండునుగాని విధించుచున్నది. నిర్దయులకు ఆ శిక్ష పడవలసినదే. కాని కొడుకును జైలుకు పంపినంత మాత్రమున తండ్రి నోటికి ముద్ద పోవునా? బిడ్డలు లేని వితంతువునకు ఏ సెక్షను అన్నము కలిపి పెట్టును? పైగా తోడున్న కుమార్తెయు మనుష్యురాలే. మూడు రాత్రులు నేలపై కూర్చుండి కన్ను మూయని ఆమెను ఒక గంట పోయి స్నానముచేసి రమ్మని చెప్పువాడుండుటయు సేవయే.

రెండవ ఆక్షేపణ బలమైనది. దానిని మేము తేలికగా త్రోసివేయము. పౌరులు ఉచితముగా పని చేసినచో ప్రభుత్వము నర్సులను నియమించుట మానుకొనునని కొందరు పెద్దలు భయపడుచున్నారు. బోధనాసుపత్రుల సామాన్యవార్డులలో ముగ్గురు రోగుల కొక నర్సు, ఇతర ఆసుపత్రులలో అయిదుగురి కొక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి నియమము. ఆ లెక్క నిజముగా కుదిరిన వార్డు మన జిల్లాలలో ఎక్కడ గలదో దీపము పెట్టి వెదకవలెను. కావున స్పష్టముగా చెప్పుచున్నాము: సేవకుడు నర్సుకు బదులు కాడు. మాత్ర ఈయడు, సూది ముట్టడు, కట్టు కట్టడు, సెలైన్ చక్రమును త్రిప్పడు. స్ట్రెచరు త్రోయు ఉద్యోగము ఖాళీగా నున్నచో దానిని నింపుట సర్కారు పని. సేవకుని చేత త్రోయించి లెక్క సరిపుచ్చుట మోసము. సేవకులను చూపి ఒక్క నర్సు ఉద్యోగమును తగ్గించిన అధికారిని మొదట ప్రశ్నించునది మా పత్రికయే యగును. కాని ఆలోచింపుడు. నేడు వార్డులో జరుగుచున్నదానికి సాక్షు లెవరు? నోరులేని వృద్ధులు, భయపడిన బంధువులు. వారమువారము వార్డులో కూర్చుండు నూరుగురు పట్టణపౌరులు సాక్షులైనచో నర్సుల కొరతయు, పంకా తిరుగకుండుటయు, మరుగుదొడ్డికి నీరు లేకుండుటయు, స్ట్రెచరు త్రోసినందుకు చేయిచాచుటయు ఎన్నాళ్లు దాగును? సేవకులు వచ్చుటవలన సర్కారు బాధ్యత తప్పిపోదు. తప్పించుకొను దారి మూయబడును.

మూడవ ఆక్షేపణ ఆసుపత్రి అధికారులది. బయటివారు వచ్చినచో అంటువ్యాధు లంటును, వస్తువులు పోవును, రోగుల రహస్యములు వీధి కెక్కు నందురు. ఇదియు ఆలోచింపదగినదే. కాని పండ్లగంపలతో నలుబదిమంది పాదరక్షలతో వార్డులోనికి వచ్చినపుడు ఈ భయ మెక్కడ దాగినది? రోగి ముఖమును అతని యనుమతి లేకయే పత్రికకెక్కించినపుడు రహస్య మెక్కడ పోయినది? శిక్షణ లేని గుంపునకు తలుపులు తెరచి, శిక్షణ పొందిన సేవకునకు మూయుట ఏమి న్యాయము? నియమము లుండవలె ననుడు. ఆ నియమములను మేమే చెప్పెదము.

సేవకుడు మొదట కొన్నాళ్లు నర్సుల చేతిక్రింద శిక్షణ పొందవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనియే రోగిని ముట్టవలెను. జలుబో జ్వరమో యున్ననాడు రాకూడదు. తన పేరు గల చీటీ రొమ్మున ధరింపవలెను. నర్సు అనుమతి లేక ఎవరికిని అన్నముగాని నీరుగాని పెట్టరాదు. పక్షవాతము వచ్చినవారికి మింగుట తెలియక అన్నము ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయవచ్చును. తినిపించునపుడు రోగిని కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగా, ఒకటి మింగిన తరువాతనే మరియొకటి పెట్టవలెను. డాక్టరు చెప్పనిదే లేపి నడిపింపరాదు. వైద్యముపై సలహా లీయరాదు. మతమును బోధింపరాదు, ఓటు అడుగరాదు, డబ్బు పుచ్చుకొనరాదు. వార్డులో చూచినదానిలో రోగి సంగతి బయట చెప్పరాదు. పాలనలోని లోపమును మాత్రము అధికారికి వ్రాసి యీయవలెను. సెల్‌ఫోను వార్డు వాకిటనే విడువవలెను. ఈ చివరి నియమము చదివి వెనుకకు తగ్గువారు రాకపోవుటయే మేలు.

ఇంకొక్క సంగతి గలదు. దానిని కొందరు పైకి చెప్పరు గాని మనసులో నుంచుకొందురు. ఎవరి నోటికి ఎవరు అన్నము పెట్టుట? ఎవరి మూత్రపాత్ర ఎవరు తీయుట? ఈ ప్రశ్నలో కులము దాగియున్నది. జ్వరమునకు కులము లేదు, దాహమునకు కులము లేదు. ఈ పని ఎవరికో జన్మతో వచ్చినదని తలచి ముక్కు మూసికొను పట్టణము స్వాతంత్ర్యదినమున ఎన్ని జెండా లెగురవేసినను స్వతంత్రము కాలేదు. ఇంట మన తల్లికి చేయుటకు సిగ్గుపడని పనిని వార్డులో పరుని తల్లికి చేయుటకు సిగ్గుపడ నేల?

ఇది జరుగునా యని సందేహించువారి కొరకు లెక్క చెప్పెదము. జిల్లా ఆసుపత్రిలోని వృద్ధుల వార్డునకు 10 పడకలు. ఇద్దరు రోగుల కొక సేవకుడైనచో ఒక పూటకు అయిదుగురు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు పూటలకు పదునైదుగురు. వారమునకు 105 గంటలు, అనగా మనిషికి వారమున కొక్క గంట చొప్పున 105 మంది. లక్షమంది గల పట్టణములో సుమారు వేయిమందికి ఒక్కడు కదలిన చాలును. వేయిమందిలో ఒక్కడు! కాఫీహోటలులో గంట, సినిమాకు మూడు గంటలు, క్రికెట్టునకు దినమంతయు ఇచ్చు పట్టణము ఈ ఒక్కనిని ఈయజాలదా?

ఎవరు రావలెనని యడుగుదురా? పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయులు, గుమాస్తాలు కాలము గడువక బాధపడుచున్నారు, వారు రావలెను. వృద్ధునితో వృద్ధుడు మాటాడిన రీతి పడుచువాడు మాటాడజాలడు. స్త్రీల వార్డునకు స్త్రీలు రావలెను. మహిళాసంఘములు ముగ్గుల పోటీలతో తృప్తి పడక ఈ భారమును వహింపవలెను. కళాశాలలలో 1969లో గాంధీ శతజయంతీ సందర్భమున ఆరంభమైన జాతీయ సేవాపథకము గలదు. దానిలోని విద్యార్థి సాలునకు 120 గంటలు సేవ చేయవలెను. ఆ గంటలు చీపుళ్లు పట్టి బొమ్మ తీయించుకొనుటలోను ఊరేగింపులలోను ఎంత వ్యర్థమగుచున్నవో ఆచార్యులకు తెలియును. వానిలో ముప్పది గంటలు వార్డునకు మళ్లించినచో, ఆ యువకుడు పట్టముతోపాటు మనుష్యత్వమును కూడ సంపాదించుకొని పోవును. రేపు అతడే డాక్టరయినచో పళ్లెము ఎక్కడ పెట్టబడినదో చూచు డాక్టరగును.

పఠనమందిరములవారికి మా ప్రత్యేక విన్నపము. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ చేరిన నాటినుండి ఈ దేశమున గ్రంథాలయము పుస్తకముల కొట్టు మాత్రమే కాదు, ప్రజాకార్యములకు పురుటిల్లు. మీరు ప్రతి ఉదయము ఒకరిచేతి పత్రిక నొకరు లాగికొని చదువుచున్నారు. అదే పత్రికను వారమున కొకనాడు వార్డునకు తీసికొనిపోయి, చూపు తగ్గిన వృద్ధునకు చదివి వినిపింపుడు. ఆయన ఊరి వర్షము సంగతి, ధాన్యపు ధర సంగతి చెప్పుడు. నేడు గురువారమని చెప్పుడు. తన పేరు పెట్టి పిలిచి తన ఊరిని గూర్చి యడుగువాడు దొరికినచో, మంచము నంబరుగా మారిపోయిన మనిషి మరల మనిషి యగును. ఒక్కొక్క పఠనమందిరము ఏడుగురిని, వారమున కొక్కొక్క దినమునకు ఒక్కొక్కరిని, ఈయగలిగినచో పదునైదు మందిరములు చేరి ఒక జిల్లా ఆసుపత్రిని నిలువబెట్టగలవు.

ఆసుపత్రి అధికారులను మేము కోరునది మూడే. సేవకులకు శిక్షణ నిచ్చుటకు ఒక నర్సును నియమింపుడు. ఏ రోగికి తోడు లేదో చేరిన దినముననే వ్రాసి పెట్టుడు. సేవకులు వ్రాసి యిచ్చిన లోపములకు వారములోపల సమాధాన మిండు. దీనికి కొత్త భవన మక్కరలేదు, కోట్ల వ్యయ మక్కరలేదు. తలుపు తెరచు మనస్సు చాలును.

పట్టణ ప్రముఖులకు ఒక్క మాట. మీ జన్మదినమునాడు ఆసుపత్రికి తప్పక పొండు. గంపలు వలదు, గుంపు వలదు. ఒక్క అరటిపండు తీసికొని ఒంటరిగా పొండు. నర్సు నడిగి, పండ్లు లేని నోటి ముదుసలి ప్రక్కను కూర్చుండి, ఆ పండును ఒలిచి, చెంచాతో మెత్తగా నలిపి, కొంచెము కొంచెముగా తినిపింపుడు. ఆమె తినుటకు అరగంట పట్టును. ఆ యరగంటలో మీకు తెలియవచ్చు సంగతులు పదియేండ్ల పండ్ల పంపకములో తెలిసియుండవు.

మా వంతు మేము చేసెదము. నేటినుండి ఆసుపత్రులలో పండ్లు పంచిన బొమ్మలు ఈ పత్రికలో పడవు. పంచినవా రెంతటివారైనను పడవు. వారమున కొక గంట వార్డులో గడపుటకు సిద్ధముగా నున్నవారు మా కార్యాలయమునకు వచ్చి పేరు వ్రాయించుకొనవలెను. ఆ పేర్లనుగూడ మేము ప్రకటింపము. ఆసుపత్రి అధికారులకు మాత్ర మందజేసెదము. మొదటి పుటలో మా కార్యాలయమువారి పేర్లే వ్రాయబడినవి. ఆ తుంటి విరిగిన వృద్ధుని మంచము ఈపాటికి ఖాళీ యై యుండవచ్చును. ఆ మంచముపై రేపు మరియొకరు చేరుదురు. ఆ పళ్లెము మరల చేతి కందని దూరముననే నిలుచునా, లేక మనలో ఒకరు దానిని రెండడుగులు దగ్గరకు జరుపుదురా యను ప్రశ్నకు సమాధానము సర్కారు చెప్పవలసినది కాదు. పట్టణము చెప్పవలెను.